రాజ్యం కుట్రదారు అంది, శ్రీసభ వేదసాక్షి అంది: ఒక హంగరీ ప్రెస్సు కార్మికుడి కేసు

మన ఊళ్లలో చాలాచోట్ల బస్టాండు పక్కనో చెరువుగట్టు మీదో ఒక ఎర్ర స్తూపం కనిపిస్తుంది. పైన సుత్తీ కొడవలి, కింద చనిపోయినవాళ్ల పేర్లు. అమరవీరుల స్తూపం అంటాం. అదే ఊళ్లో ఆర్‌సీఎం చర్చి ఉంటే, ఏడాదిలో కొన్ని రోజులు అక్కడి ఫాదర్ ఎర్రటి వస్త్రం వేసుకుని పూజ చేస్తారు. ఆ రోజు ఎవరో ఒక వేదసాక్షి పండుగ అన్నమాట. రెండుచోట్లా రంగు ఒకటే. ఇంగ్లీషులో మాట కూడా ఒకటే: మార్టిర్.

అందుకే 'కమ్యూనిస్టు పాలనలో ప్రాణాలర్పించిన కథోలిక మార్టిర్' అని ఎవరి పేరైనా వార్తల్లోకి వచ్చినప్పుడు మన దగ్గర తికమక మొదలవుతుంది. వాళ్లంతా విదేశీ గూఢచారులు, భూస్వాముల మనుషులు అని ఒకరంటారు. దేవుణ్ణి నమ్మినందుకే చంపేశారు, ఇంకేం కారణం లేదు అని ఇంకొకరు. రెండూ తొందరపడి అనే మాటలే. ఒక్క మనిషి కేసును మొదటినుంచీ చూస్తే చిక్కుముడి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ మనిషి పేరు షాండోర్ ఇష్త్వాన్. హంగరీలో మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, కాబట్టి షాండోర్ ఇంటిపేరు, ఇష్త్వాన్ అసలు పేరు. ఇష్త్వాన్ అంటే స్తెఫాను. బైబిల్లో రాళ్లతో కొట్టి చంపిన మొదటి సాక్షి పేరూ అదే, యాదృచ్ఛికంగానే అనుకోండి.

అమరవీరుడు, హతసాక్షి, వేదసాక్షి: మాటల మధ్య తేడా

మార్టిర్ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం 'సాక్షి', అంతే. కోర్టులో చెప్పే సాక్షికీ అదే మాట. నమ్మినదాని గురించి నోరు విప్పి, ఆ మాట వెనక్కి తీసుకోనందుకు చచ్చిపోయినవాళ్లకు తర్వాత్తర్వాత ఆ పేరు స్థిరపడింది. తెలుగు ప్రొటెస్టెంట్లు దాన్ని హతసాక్షి అన్నారు, కథోలికులు వేదసాక్షి అన్నారు. రెండింట్లోనూ 'సాక్షి' మిగిలింది.

అమరవీరుడు వేరు. ఆ మాటలో ఉన్నది వీరుడు, అంటే పోరాడినవాడు. తుపాకీ పట్టి ఎదురుకాల్పుల్లో చనిపోయినా అమరవీరుడే. వేదసాక్షికి ఆ వీలు లేదు. తన మతం కోసమే అయినా ఆయుధం పట్టి పోరాడుతూ చనిపోయినవాణ్ణి శ్రీసభ, అంటే కథోలిక చర్చి, మామూలుగా ఆ లెక్కలో వేయదు. చంపేవాడి ముందు నిలబడాలి, తిరిగి కొట్టకూడదు, నమ్మకం వదులుకోకూడదు. పత్రికల్లో వేదసాక్షిని 'అమరవీరుడు' అని అనువదించినప్పుడు ఈ తేడా చప్పుడు లేకుండా మాయమైపోతుంది.

రైల్వే ఉద్యోగి కొడుకు, సీసపు అక్షరాల పని

ఇష్త్వాన్ 1914 అక్టోబర్ 26న హంగరీలోని సోల్నోక్ పట్టణంలో పుట్టారు. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. ముగ్గురు పిల్లల్లో ఈయనే పెద్ద. లోహపు పని నేర్చుకుని, కొన్నాళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేసి, 1936లో బుడాపెస్ట్ శివారు రాకోష్‌పలోటాలో ఉన్న సలేషియన్ల మఠానికి వెళ్లారు. క్లారిసేయుమ్ అని దాని పేరు. సలేషియన్లంటే మనకు కొత్తేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లో డాన్ బాస్కో పేరుతో బడులు, టెక్నికల్ స్కూళ్లు, వీధిపిల్లల ఆశ్రయాలు నడిపేది వాళ్లే. ఇటలీలోని ట్యూరిన్‌లో 1859లో డాన్ బాస్కో పెట్టిన సంస్థ అది. పేద కుర్రాళ్లకు చదువుతో పాటు ఒక చేతిపని నేర్పడం దాని పద్ధతి.

చేర్చుకోమని ఇష్త్వాన్ రాసిన ఉత్తరంలో పెద్ద వేదాంతమేమీ లేదు. పని అన్నిచోట్లా అవసరమే, పని చేయనిదే నిత్యజీవం దొరకదు, నాకు పని చేయడం ఇష్టం అన్నది దాని సారం. వాళ్లు ఆయన్ని మఠం ప్రెస్సులో పెట్టారు.

పాత లెటర్‌ప్రెస్సు పని ఎలా ఉండేదో చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. కంపోజిటర్ ముందు గళ్లుగళ్లుగా ఒక చెక్క కేసు ఉంటుంది. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. కుడిచేత్తో ఒక్కొక్కటే ఏరుకుంటూ ఎడమచేతిలోని స్టిక్కులో పేర్చాలి. అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి కాబట్టి చదవడం కూడా తిరగేసే. ఒక పేజీకి వేల అక్షరాలు. అచ్చయ్యాక వాటన్నిటినీ కడిగి మళ్లీ ఎవరి గడిలో వాళ్లను వేయాలి. పక్కన నిలబడి చేయించకుండా కుర్రాళ్లకు అబ్బే పని కాదిది. ఇష్త్వాన్ ఆ పని నేర్చుకున్నారు, తర్వాత నేర్పారు. ప్రెస్సులో గురువు, ఆటల్లో తోడు, సాయంత్రం ప్రార్థనలో పెద్దన్న. తర్వాత ప్రభుత్వానికి కంటగింపయింది కూడా ఈ సంబంధమే.

మధ్యలో యుద్ధం వచ్చింది. సైన్యంలోకి పిలిచారు, టెలిగ్రాఫ్ విభాగంలో వేశారు. తూర్పు రంగంలో రష్యాలోని డాన్ నది దాకా వెళ్లారు. యుద్ధం చివర్లో అమెరికన్లకు ఖైదీగా చిక్కి, విడుదలై మళ్లీ ప్రెస్సుకే తిరిగొచ్చారు. 1946 జులై 24న జీవితాంతం మఠంలోనే ఉంటానని శాశ్వత ప్రమాణం చేశారు.

ఫాదర్ కాదు, సంసారీ కాదు: 'లే బ్రదర్' అంటే ఎవరు

ఇష్త్వాన్‌ను కొన్నిచోట్ల 'లేమ్యాన్' అంటారు, కొన్నిచోట్ల 'రెలిజియస్ బ్రదర్' అంటారు. ఎవరో తప్పు రాశారేమో అనిపిస్తుంది. ఇద్దరూ తప్పు కాదు.

కథోలిక శ్రీసభలో మనుషుల్ని రెండు రకాలుగా లెక్కపెట్టవచ్చు. మొదటి లెక్క గురుపట్టాభిషేకం, అంటే పూజాధికారం ఇచ్చే పట్టం, ప్రకారం. పట్టం పొందినవాళ్లు ఒకవైపు: డీకన్లు (ఫాదర్ కంటే కింది మెట్టు), ఫాదర్లు (గురువులనీ అంటారు), పీఠాధిపతులు (బిషప్పులు). మిగతా అందరూ ఇంకోవైపు, వాళ్లే లే మనుషులు. రెండో లెక్క మఠప్రమాణాల ప్రకారం: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మాటిచ్చి మఠంలో బతికేవాళ్లు ఒకవైపు, మిగతావాళ్లు ఇంకోవైపు. ఇష్త్వాన్ పట్టం పొందలేదు, కాబట్టి మొదటి లెక్కలో లేమ్యానే. మఠప్రమాణాలు చేశారు, కాబట్టి రెండో లెక్కలో మఠవాసి. సలేషియన్లలో ఇలాంటి వాళ్లను కోఅడ్జుటర్ బ్రదర్లు అంటారు. పూజ చేయలేరు, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ అడగడం) వినలేరు. వర్క్‌షాపు, ప్రెస్సు, పొలం, ఆస్పత్రి వీళ్ల చేతిలో ఉంటాయి. 2022 అక్టోబర్ 9న పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించిన ఆర్టెమిడె జట్టి ఇలాంటి బ్రదరే. అర్జెంటీనాలో నర్సుగా, మందుల కొట్టు చూసుకుంటూ బతికారాయన.

తెలుగులో ఇంకో చిక్కుంది. లే మనుషుల్ని మన చర్చిల్లో 'గృహస్థులు' అంటాం. రోజువారీ వాడుకకు బాగానే సరిపోతుంది. కానీ ఇల్లూ సంసారమూ లేని బ్రదర్‌ను గృహస్థుడు అంటే ఎలా? కాబట్టి ఇష్త్వాన్ విషయంలో 'పట్టం లేని మఠవాసి' అనడమే సరైన మాట. పెళ్లాం పిల్లలతో బతికిన అసలైన గృహస్థులూ ఈ చరిత్రలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి కాసేపట్లో వద్దాం.

బడి పోయింది, ప్రెస్సు పోయింది, మఠం పోయింది

యుద్ధం తర్వాత హంగరీ సోవియట్ సైన్యం చేతిలో ఉంది. కమ్యూనిస్టు పార్టీ ఒక్కసారిగా గద్దెనెక్కలేదు. ప్రత్యర్థుల్ని సలామీ కోసినట్టు పలచపలచగా కోస్తూ వచ్చామని నాయకుడు మాత్యాష్ రాకోషి తర్వాత తనే గొప్పగా చెప్పుకున్నాడు.

1948 జూన్‌లో బడుల జాతీయీకరణ చట్టం వచ్చింది. మతసంస్థలు నడిపే బడులు ఐదు వేలకు పైగా రాత్రికి రాత్రి ప్రభుత్వానివయ్యాయి. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన హంగరీ కథోలికుల పెద్ద, కార్డినల్ మిండ్‌సెంటిని అదే ఏడాది డిసెంబర్ 26న అరెస్టు చేశారు. 1949 ఫిబ్రవరిలో యావజ్జీవం వేశారు. 1950 వేసవిలో మఠవాసుల్ని రాత్రిపూట ట్రక్కుల్లో ఎక్కించి వేరే ఊళ్లకు తరలించడం మొదలైంది. ఆ ఒత్తిడిలోనే ఆగస్టు 30న పీఠాధిపతులు ప్రభుత్వంతో ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. సెప్టెంబర్‌లో మఠసంస్థల అనుమతి రద్దయింది. నాలుగు సంస్థలకు మాత్రం ఎనిమిది హైస్కూళ్లు నడుపుకోనిచ్చారు. ఆ నాలుగింటిలో సలేషియన్లు లేరు. దేశం మొత్తమ్మీద పది వేలకు పైగా మఠవాసులు కట్టుబట్టలతో బయటపడ్డారు.

ఇక్కడొక విషయం మర్చిపోకూడదు. 1949 ఆగస్టు రాజ్యాంగంలో పౌరులకు మనస్సాక్షి స్వేచ్ఛ, మతస్వేచ్ఛ ఉన్నాయని రాసుంది. కాగితం మీద మతం నేరం కాలేదు. కానీ సంస్థ, బడి, యువజన సంఘం, ప్రెస్సు, వీటిలో ఒక్కటీ మతం చేతిలో ఉండకూడదు. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థించుకోవచ్చు, పదిమంది కుర్రాళ్లను ఒకచోట కూర్చోబెట్టి బైబిలు చెప్పకూడదు. సలేషియన్ల పనంతా ఆ రెండోదే.

ప్రెస్సును స్వాధీనం చేసుకుంటున్నప్పుడు ఇష్త్వాన్ కనీసం మెషిన్లనూ కొంత సామానునూ కాపాడుకోవాలని చూశారు. అది బయటపడటంతో కనిపించకుండా తిరగాల్సి వచ్చింది. దేశం దాటే అవకాశం ఉన్నా వెళ్లలేదు. చిరునామాలు మార్చారు, పేరు మార్చారు, చివరికి రాజధానిలోనే ఒక సబ్బుపొడి ఫ్యాక్టరీలో కూలీగా చేరారు. పగలు ఫ్యాక్టరీ, మిగతా సమయంలో పాత విద్యార్థులు. చిన్నచిన్న గుంపులుగా కలవడం, ప్రార్థన, క్యాటకిజం (మతపాఠాలు), కబుర్లు. చట్టప్రకారం ఇదంతా నిషిద్ధమే.

రహస్య పోలీసుల్లోనే పాత శిష్యులు

కేసు ఇక్కడే ముదిరింది. ఆ కాలంలో హంగరీలో అందరికీ వణుకు పుట్టించే పేరు ఏవీహెచ్, రాజ్యరక్షణ పోలీసు సంస్థ. బుడాపెస్ట్ ఆండ్రాషీ వీధిలో 60వ నంబరు భవనం దాని కేంద్రం. 2002లో దాన్ని మ్యూజియం చేశారు. ఆ సంస్థ పనివాళ్ల కుటుంబాల నుంచీ అనాథల నుంచీ కుర్రాళ్లను తీసుకునేది. పార్టీ లెక్కలో వాళ్లు 'మనవాళ్లు'. కానీ అలాంటి పేద కుర్రాళ్లే నిన్నమొన్నటిదాకా సలేషియన్ల దగ్గర పెరిగారు. అలా ఇష్త్వాన్‌కు తెలిసిన కొందరు ఏవీహెచ్ యూనిఫాం వేసుకున్నారు. వేసుకున్నాక కూడా ఆయన్ని కలుస్తూనే ఉన్నారు.

రాకోషి ప్రభుత్వం వైపు నుంచి ఒకసారి చూడండి. తన నమ్మకమైన రక్షణదళంలో కొందరు, మారుపేరుతో తిరుగుతున్న ఒక మఠవాసిని రహస్యంగా కలుస్తున్నారు. ప్రభుత్వానికి అది ప్రార్థనగా కనిపించదు, చొరబాటుగా కనిపిస్తుంది. 1952 జులై 28న ఇష్త్వాన్‌ను పనిచేసేచోటే పట్టుకున్నారు. తోటి సలేషియన్లు ఆయన్ని మళ్లీ చూడలేదు. సైనిక కోర్టులో తలుపులు మూసి విచారణ జరిపారు. నిందితుల్లో ఏవీహెచ్ కుర్రాళ్లూ ఉన్నారు. ప్రజాస్వామ్య వ్యవస్థను కూలదోసే కుట్ర, రాజద్రోహం అన్నవి ఆరోపణలు. అక్టోబర్ 28న ఉరిశిక్ష వేశారు. అప్పీలు కొట్టేశారు.

ఉరి తీసింది 1953 జూన్ 8న. ఆ తేదీని క్యాలెండర్లో చుట్టుపక్కల తేదీలతో కలిపి చూస్తే మనసు చివుక్కుమంటుంది. స్టాలిన్ చనిపోయి అప్పటికే మూడు నెలలు. జూన్ 13న హంగరీ నాయకుల్ని మాస్కోకు పిలిపించి, ఇన్ని అరెస్టులేంటి, ఇంత జులుం ఏంటి అని క్రెమ్లిన్ పెద్దలే రాకోషిని గట్టిగా దులిపేశారు. జులై 4న ఇమ్రె నాజ్ ప్రధాని అయ్యాడు, క్షమాభిక్షలు మొదలయ్యాయి. ఐదు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. నెల రోజులు ఆగి ఉంటే బతికే అవకాశం బాగానే ఉండేది.

తీర్పులో మతం మాటే లేదు. మరి మతం కోసం చంపారని ఎలా చెప్తారు?

వేదసాక్షిగా గుర్తించడానికి శ్రీసభ చూసే పరీక్షలు మూడు. 18వ శతాబ్దంలో, తర్వాత 14వ బెనెడిక్ట్ పోపు అయిన లాంబెర్టిని వీటిని వివరంగా క్రోడీకరించాడు. ఇప్పటికీ వాటి మీదే విచారణ నడుస్తుంది.

ఒకటి, మనిషి నిజంగా చనిపోయాడా, ఆ చావుకు హింసే కారణమా? జైల్లో కొట్టినందుకు, ఆకలికి, జబ్బుకు చనిపోయినా లెక్కలోకి వస్తుంది, ఆ బాధలే చంపాయని రుజువైతే. రెండోది చంపినవాడి మనసు: విశ్వాసం మీద ద్వేషంతో చంపాడా? మూడోది చనిపోయినవాడి మనసు: ఇది రావచ్చని తెలిసీ తన విశ్వాసం కోసం దాన్ని ఒప్పుకున్నాడా?

మొదటిది ఇష్త్వాన్ విషయంలో సులభం, ఉరితీతకు ప్రభుత్వ కాగితమే ఉంది. అసలు తంటా రెండోదానితో. రోమన్ చక్రవర్తుల కాలంలో న్యాయాధికారి మొహం మీదే అడిగేవాడు: క్రీస్తును వదిలేస్తావా, లేదా? జవాబును బట్టి శిక్ష. ఇరవయ్యో శతాబ్దపు రాజ్యం అలా అడగదు. మతాన్ని నేరమని రాయదు, గూఢచర్యం అనో కుట్ర అనో కరెన్సీ స్మగ్లింగ్ అనో రాస్తుంది. అంటే చంపినవాడి ఉద్దేశం ఏమిటో చెప్పాల్సిన కాగితం, ఆ ఉద్దేశాన్ని దాచడానికే తయారైంది.

అందుకే శ్రీసభ పరిశోధకులు తీర్పు దగ్గర ఆగరు. దాని చుట్టూ ఉన్న ఫైలంతా తిరగేస్తారు. విచారణలో ఏం అడిగారు, ఏ పనిని 'కుట్ర' అన్నారు, నిఘా రిపోర్టుల్లో మనిషిని ఏమని పిలిచారు, అదే సమయంలో ఆ రాజ్యం మతసంస్థల్ని మొత్తంగా ఏం చేస్తోంది అన్నవి చూస్తారు. దెబ్బల మధ్య రాయించిన ఒప్పుకోలును అక్షరాలా నమ్మరు. కానీ కొట్టినవాడు ఏ ప్రశ్న మళ్లీమళ్లీ అడిగాడన్నది నమ్మదగిన సాక్ష్యమే. ఇష్త్వాన్ ఫైలు 2006లో తెరిచారు. 2013 మార్చిలో పోపు ఫ్రాన్సిస్ దాని మీద ఆమోదముద్ర వేశారు. కుర్రాళ్లకు విశ్వాసం నేర్పడమే ఆ 'కుట్ర' అన్నది శ్రీసభ తేల్చిన మాట.

పోలిక కోసం ఇంకో ఇద్దరు

ఇదే పరీక్షను వేరే కేసుల మీద పెట్టి చూస్తే ఎక్కడ తేలిక, ఎక్కడ కష్టం అన్నది తెలుస్తుంది.

పశ్చిమ ఉక్రెయిన్‌లో స్త్రాద్చ్ అనే ఊళ్లో వొలొదిమిర్ ప్రీమా చర్చిలో పాటలు పాడించేవారు. ఇంట్లో, ఊళ్లో మామూలు మనిషి. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడింది. నాలుగు రోజుల తర్వాత, జూన్ 26న, ఒక జబ్బు మనిషి పాపసంకీర్తనం కావాలని కబురు పెడితే ఊరి గురువు మికోలా కోన్రాద్‌తో కలిసి ఆమె ఇంటికి వెళ్లారు. తిరిగొస్తుండగా అడవిలో సోవియట్ రహస్య పోలీసులు ఇద్దరినీ హింసించి చంపేశారు. 2001 జూన్ 27న ల్వీవ్‌లో రెండో జాన్ పాల్ పోపు ధన్యులుగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించినవాళ్లలో ప్రీమా ఉన్నారు. ఇక్కడ కేసు లేదు, తీర్పు లేదు, ఆరోపణ కూడా లేదు. వెనక్కి పారిపోతున్న పోలీసులు అప్పుడు దొరికినవాళ్లను దొరికినట్టు చంపుతున్నారు కదా, మతద్వేషం అని ఎలా అంటారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి శ్రీసభ చూపే ఆధారం సందర్భం: ఎవరితో ఉన్నారు, ఏ పని మీద వెళ్లొస్తున్నారు అన్నది.

రెండో మనిషి అల్బేనియాలో. చెరీమ్ సాదికు ముస్లిం కుటుంబంలో పుట్టి కథోలికుడైన, పెళ్లైన మనిషి. 1946 మార్చి 4న ష్కోడర్ పట్టణంలో జెసూట్, ఫ్రాన్సిస్కన్ మఠసంస్థల గురువులతో పాటు ఆయన్నీ కాల్చి చంపారు. ఈ కేసు ఇంకా చిక్కు. నిందితుల్లో గురుశిక్షణలో ఉన్న కుర్రాళ్లు కమ్యూనిస్టు వ్యతిరేక కరపత్రాలు రాసి పంచారు. అది రాజకీయమా, మతమా? కరపత్రం రాస్తే కాల్చి చంపడం న్యాయం కాదన్నది ఒప్పుకోవడం తేలికే. కానీ అన్యాయంగా చంపడం వేరు, విశ్వాసం మీద ద్వేషంతో చంపడం వేరు. శ్రీసభ ఇక్కడ మొత్తం చిత్రాన్ని చూసింది. ఆ ప్రభుత్వమే తర్వాత 1967లో చర్చిలు, మసీదులు అన్నీ మూసేసింది. 1976 రాజ్యాంగంలో రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని రాసుకుంది. 2016 నవంబర్ 5న ష్కోడర్‌లో ధన్యులైన 38 మందిలో సాదికు ఒకరు. ఆ 38లో నలుగురే లే మనుషులు.

ముగ్గురినీ పక్కపక్కన పెడితే ఒకటి కనిపిస్తుంది. ప్రీమాకు కాగితమే లేదు, సాదికుకు కాగితంలో కొంత రాజకీయం నిజంగానే ఉంది, ఇష్త్వాన్‌కు కాగితం నిండా రాజకీయమే ఉన్నా చేసిన పని క్యాటకిజం. నా మట్టుకు నాకు మూడింట్లో ఇష్త్వాన్ కేసే స్పష్టంగా ఉందనిపిస్తుంది.

అభ్యంతరాలు ఏమిటి?

మొదటిది వామపక్షం వైపు నుంచి వచ్చేది. యుద్ధానికి ముందు హంగరీలో కథోలిక సంస్థలకు లక్షల ఎకరాల భూమి ఉండేది. 1945 భూసంస్కరణల్లో అది పోయింది. కార్డినల్ మిండ్‌సెంటి రాచరికం పట్ల మొగ్గు దాచుకోలేదు. అలాంటప్పుడు కొత్త ప్రభుత్వం పాత పెత్తనంతో పోరాడింది, దాన్ని దేవుడి మీద యుద్ధం అనడం అతిశయోక్తి అని వాదన. ఇందులో నిజముంది, తీసిపారేయలేం. తెలంగాణలో దొరల భూముల కోసం జరిగిన పోరాటం సంగతి తెలిసిన మనకు ఆ భాష కొత్తది కూడా కాదు. కానీ ఈ వాదన కార్డినల్ విషయంలో నిలబడినంతగా ప్రెస్సు కార్మికుడి విషయంలో నిలబడదు. ఇష్త్వాన్‌కు భూమి లేదు, పెత్తనం లేదు. సీసపు అక్షరాల కేసు కూడా తనది కాదు, మఠానిది.

రెండో అభ్యంతరం భద్రతకు సంబంధించింది. ఏ ప్రభుత్వమైనా తన నిఘా సంస్థ ఉద్యోగులు మారుపేరుతో తిరిగే మనిషిని రహస్యంగా కలిస్తే ఊరుకుంటుందా? ఊరుకోదు. ఉద్యోగం తీసేయొచ్చు, విచారించొచ్చు. అయితే ఆయన మారుపేరు పెట్టుకోవడానికి కారణం, ప్రార్థన సమావేశం నేరం కావడం. నేరాన్ని తయారు చేసింది చట్టమే. కమ్యూనిస్టు పాలన పోయాక హంగరీ కోర్టు కూడా ఆ శిక్షను చెల్లదంది.

మూడోది చరిత్రకారులు ఎత్తిచూపేది, నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపించేది. అదే ఉరికొయ్య కథోలికుల కోసమే పెట్టింది కాదు. లూథరన్ బిషప్ ఓర్దాశ్ జైలుకెళ్లాడు. అంతెందుకు, లాస్లో రాయ్క్ నిఖార్సైన కమ్యూనిస్టు. హోం మంత్రిగా ఏవీహెచ్‌కు ముందున్న పోలీసు సంస్థ ఆయన కిందే ఉండేది. 1949 అక్టోబర్ 15న ఆయన్నీ గూఢచారి అని ఉరి తీశారు. నేరం ఒప్పుకుంటే పార్టీకి మేలని నచ్చజెప్పి ఒప్పించారు కూడా. 1956 అక్టోబర్ 6న అదే పార్టీ ఆయన్ని లాంఛనాలతో మళ్లీ సమాధి చేస్తే లక్షమందికి పైగా వచ్చారు. అలాంటి యంత్రం ఒక్కొక్కరినీ ఏ ద్వేషంతో చంపిందో విడదీయడం సాధ్యమా, దానికి అందరూ శత్రువులే కదా అని ఈ చరిత్రకారుల ప్రశ్న.

శ్రీసభ దీనికి చెప్పే జవాబు సూటిగా ఉంటుంది: మేం అన్యాయంగా చనిపోయినవాళ్లందరి లెక్కా తీయడం లేదు, మా విశ్వాసం కోసం పోయినవాళ్ల లెక్క తీస్తున్నాం. ఈ జవాబుతో తృప్తిపడనివాళ్లు ఉన్నారు. బాధితుల్లోంచి కొందరినే ఏరి పీఠం మీద పెడితే మిగతావాళ్లు చీకట్లో పడిపోతారని వాళ్ల బెంగ. దాన్ని కూడా కొట్టిపారేయలేం.

పారిపోవచ్చు కదా?

మూడో పరీక్ష గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. వేదసాక్షి అంటే చావుకు ఎదురెళ్లేవాడు, రొమ్ము విరుచుకు నిలబడేవాడు అని. శ్రీసభ సంప్రదాయం దాన్ని మెచ్చుకోదు సరికదా, కావాలని చావును కొనితెచ్చుకున్నవాణ్ణి అనుమానంగా చూస్తుంది. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పొమ్మని మత్తయి సువార్తలో క్రీస్తే శిష్యులకు చెప్తాడు. కాబట్టి దాక్కోవడం, పేరు మార్చుకోవడం, ఇల్లు మారడం, ఏదీ ఇష్త్వాన్‌కు వ్యతిరేకంగా లెక్కలోకి రాలేదు. ఆయన బతకాలనే చూశారని అవి చెప్తాయి. దేశం దాటకుండా ఉండిపోవడం మాత్రం లెక్కలోకి వచ్చింది. కుర్రాళ్లు ఇక్కడున్నారు, నేనెక్కడికి పోతాను అన్నది ఆ నిర్ణయం. దొరికితే ఏమవుతుందో 1952 నాటి బుడాపెస్ట్‌లో తెలియనివాడు లేడు.

2013 అక్టోబర్ 19న బుడాపెస్ట్‌లో, తన పేరే ఉన్న పునీత ఇష్త్వాన్ బసిలికా ముందు, కార్డినల్ ఆంజెలో అమాతో ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు. ధన్యుడు అంటే పునీతుడికి ముందు మెట్టు. మామూలు మనిషికి ఈ మెట్టెక్కడానికి ఆయన ప్రార్థనతో జరిగిందని రుజువైన ఒక అద్భుతం కావాలి. వేదసాక్షికి అక్కర్లేదు, చావే సాక్ష్యం. అందుకే రెండో పరీక్ష మీద అంత గీచిగీచి చూస్తారు. పై మెట్టుకు మాత్రం వేదసాక్షికైనా అద్భుతం అడుగుతారు. ఇష్త్వాన్ ఇప్పటికి ధన్యుడే. ఉరి తీసిన జూన్ 8 ఆయన పండుగ. ఆ రోజు సలేషియన్ల మఠాల్లో పూజకు ఎర్ర వస్త్రం తీస్తారు.